తోక ఎత్తి చూడండి



కుక్క ఒక్కోసారి చేసే పని ఒకటి మీరంతా చూసే ఉంటారు. ముందుకాళ్లు ఊని, వెనకభాగం నేలకు ఆనించి, కూర్చున్నది కూర్చున్నట్టే ముందుకు ఈడ్చుకుంటూ పోతుంది. పిల్లలు చూసి నవ్వుతారు. పెద్దవాళ్లు "కడుపులో పురుగులు పడ్డాయి" అంటారు. మందుల అంగడికి పోయి ఒక మాత్ర తెచ్చి అన్నంలో కలిపి పెడతారు. అంతటితో ఆ సంగతి మరచిపోతారు.

పురుగులే కావచ్చు. కాకపోనూవచ్చు. నేను పశువైద్యుడిగా పనిచేసిన ఇన్నేళ్లలో ఇలా ఈడ్చుకునే కుక్కలను తీసుకొచ్చిన వాళ్లను ఒక ప్రశ్న అడిగేవాణ్ణి. "తోక ఎత్తి చూశారా?" అని. చూశామన్న వాళ్లు చాలా తక్కువ. చూడడానికి రోత, చెప్పడానికి సిగ్గు. ఆ రోత, ఆ సిగ్గు వల్ల నాలుగు రోజుల్లో నయమయ్యే బాధ నాలుగు వారాలు సాగుతుంది. ఈ రోజు నా మాటలన్నీ ఆ తోక కింది బాధ గురించే.

ముందుగా ఒక సంఘటన చెబుతాను. అప్పట్లో నేను పనిచేసిన ఆసుపత్రి తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ మూడు రాష్ట్రాలూ కలిసే చోటికి దగ్గర. మామిడితోటల ప్రాంతం. ఒక తోటలో కాపలా కుక్క ఉండేది. నల్లని నాటుకుక్క, పేరు కరియ. ఆరేళ్లుగా ఆ ఇంటివాళ్ల చేతి అన్నం తిన్నది. ఒకనాడు ఆ ఇంటి మనవడు ఆడుతూ ఆడుతూ దాని నడుం మీద చెయ్యి వేసి తోక పట్టుకున్నాడు. అది గిర్రున తిరిగి పిల్లవాడి చెయ్యి కొరికింది. చర్మం చీరుకుపోయింది.

ఇక చూడండి, పక్క తోటల వాళ్లంతా చేరారు. "పెంచిన పిల్లోణ్ణే కొరికిందంటే దానికి పిచ్చి పట్టింది, కొట్టి చంపేయండి" అన్నారు. కర్రలు కూడా తెచ్చారు. ఆ ఇంటి అవ్వ అడ్డుపడింది. "దీనికి పిచ్చి లేదు నాయనా. పది దినాలుగా తోక కింద నాక్కుంటానే ఉండాది. కూచోలేక లేస్తా ఉండాది. నొప్పికి కొరికింది" అన్నది. ఆవిడ మాట మీద కుక్కను గొలుసుతో చెట్టుకు కట్టి, మర్నాడు పొద్దున మూతికి గుడ్డ కట్టి ఆటోలో నా దగ్గరికి తెచ్చారు.

నేను ముందు అడిగింది కుక్క సంగతి కాదు, పిల్లవాడి సంగతి. గాయానికి పసుపు పెట్టి కట్టు కట్టారట. ఆసుపత్రికి తీసుకుపోలేదట. అప్పటికప్పుడు పిల్లవాణ్ణి వాళ్ల నాన్నతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపించాను. ఆ తర్వాతనే చేతికి తొడుగులు వేసుకుని కరియ తోక ఎత్తి చూశాను. మలద్వారానికి కుడిపక్కన కొంచెం కిందుగా నిమ్మకాయంత వాపు. ఎర్రగా కమిలి, వేడిగా ఉంది. నడిమధ్యలో చర్మం పలచబడి పగలడానికి సిద్ధంగా ఉంది. ఆ కుక్కకు పురుగుల మాత్ర రెండుసార్లు వేశారు. తోక మాత్రం ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఇంతకీ ఆ వాపు ఏమిటి? కుక్క మలద్వారానికి రెండు పక్కలా చర్మం లోపల రెండు చిన్న సంచులు ఉంటాయి. మలద్వారాన్ని గడియారం అనుకోండి. నాలుగు గంటల దగ్గర ఒకటి, ఎనిమిది గంటల దగ్గర ఒకటి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అవి పైకి కనపడవు. మగ కుక్కకూ ఉంటాయి, ఆడ కుక్కకూ ఉంటాయి. ఆ సంచుల గోడల్లో గ్రంథులు ఉంటాయి. వాటి నుంచి ఊరే ద్రవం సంచిలో చేరుతుంది. ప్రతి సంచికీ మలద్వారం అంచున తెరుచుకునే సన్నని నాళం ఒకటి ఉంటుంది. కుక్క గట్టిగా మలవిసర్జన చేసినప్పుడు ఆ ఒత్తిడికి సంచి నొక్కుకుని కొద్దిగా ద్రవం బయటికి వస్తుంది. బాగా భయపడినప్పుడు కూడా ఒక్కసారిగా చిమ్ముతుంది. దాని వాసన ఎండుచేపల వాసనలా ఉంటుంది.

ఈ ద్రవం కుక్కకు ఎందుకంటే, అది దాని చిరునామా లాంటిది. రెండు కుక్కలు ఎదురుపడగానే ఒకదాని వెనక ఒకటి చేరి వాసన చూడడం మీకు తెలిసిందే. మనం "ఏ ఊరు, ఎవరింటివాడివి" అని అడిగినట్టు అవి వాసనతో అడుగుతాయి. పునుగు పిల్లి సంగతి మీరు వినే ఉంటారు. దాని గ్రంథి వేరు, కానీ వాసనతో సమాచారం చెప్పుకోవడం అనే పని మాత్రం ఇలాంటిదే.

ఈ సంచి ఖాళీ కాకపోతే బాధ మొదలవుతుంది. అది మెట్లు మెట్లుగా ముదురుతుంది.

మొదటి మెట్టులో ద్రవం లోపలే నిలిచి చిక్కబడి ముద్దలా తయారవుతుంది. సన్నని నాళంలోంచి బయటికి రాలేదు. కుక్కకు అక్కడ బరువుగా, దురదగా ఉంటుంది. అందుకే నేలకు రాసుకుంటుంది, నాక్కుంటుంది, తోక మొదలు కొరుక్కుంటుంది. కూర్చుని ఉలిక్కిపడి లేస్తుంది. పడుకున్న గోనెకు చేపల వాసన అంటుకుంటుంది.

రెండో మెట్టులో సూక్ష్మక్రిములు చేరి సంచి వాస్తుంది. ఇప్పుడు దురద పోయి నొప్పి వస్తుంది. మలవిసర్జనకు కూర్చుని ముక్కుతుంది, మూలుగుతుంది. తోక కాళ్ల మధ్య పెట్టుకుంటుంది. వెనక ముట్టుకోనివ్వదు. ఒకటి రెండు చుక్కలు చీమో నెత్తురో నేల మీద కనిపిస్తాయి.

మూడో మెట్టులో సంచి చీముగడ్డ అవుతుంది. ఒకపక్క వాపు కంటికి కనిపిస్తుంది. జ్వరం వస్తుంది, కుక్క తిండి మానేస్తుంది. అప్పటికీ పట్టించుకోకపోతే గడ్డ చర్మాన్ని చీల్చుకుని బయటికి పగులుతుంది. మన ఎండలకు, మన ఈగలకు ఆ పుండు చాలు. ఈగ గుడ్లు పెట్టిందంటే రోజు తిరిగేసరికి పురుగులు పట్టవచ్చు. కుక్క బతుకు దుర్భరమవుతుంది.

కరియ మూడో మెట్టు చివరన ఉంది. అలాంటి చోట పిల్లవాడు చెయ్యి వేస్తే అది కొరకడంలో వింత లేదు. నోరులేని జీవి "అక్కడ ముట్టుకోవద్దు" అని మరెలా చెబుతుంది?

అయితే నేలకు రాసుకునే ప్రతి కుక్కకూ ఈ సంచుల బాధే అని అనుకోకండి. తోక ఎత్తి చూడమన్నది అందుకే. మలద్వారం చుట్టూ వెంట్రుకలకు బియ్యపు గింజల్లాంటి తెల్లని ముక్కలు అంటుకుని ఉంటే అవి బద్దెపురుగు ముక్కలు. ఒక రకం బద్దెపురుగు ఒంటి మీది గోమార్ల ద్వారా వస్తుంది. కుక్క ఒళ్లు కొరుక్కుంటూ గోమారును మింగితే ఆ పురుగు కడుపులో చేరుతుంది. అప్పుడు పురుగుల మాత్ర వేయాలి, గోమార్లను కూడా వదిలించాలి. పొమేరియన్ వంటి జూలు కుక్కలకు ఎండిన మలం వెంట్రుకల్లో చిక్కుకుని గుంజుతుంది. దాన్ని తడిపి, కత్తిరించి తీస్తే సరిపోతుంది. ఒళ్లంతా గోక్కుంటూ, చెవులు, పాదాలు కూడా నాక్కుంటూ ఉంటే అది చర్మపు ఎలర్జీ కావచ్చు. అల్సేషియన్ జాతిలో మలద్వారం చుట్టూ చిన్నచిన్న రంధ్రాలు పడి రసి కారే జబ్బు ఒకటి ఉంది. అది వేరు, దాని వైద్యం వేరు.

మరొక్క మాట ముఖ్యంగా వినండి. వయసు మళ్లిన కుక్కకు తోక కింద గట్టి గడ్డ తగిలి, దానికి నొప్పి కూడా లేకపోతే, నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. ఆ సంచి గ్రంథుల్లో కాన్సరు కూడా వస్తుంది. అలాంటి కొన్ని కుక్కల్లో రక్తంలో కాల్షియం పెరుగుతుంది. అప్పుడు కుక్క మామూలుకన్నా ఎక్కువగా నీళ్లు తాగుతుంది, ఎక్కువగా మూత్రం పోస్తుంది. ముందుగా కనిపెడితే ఆపరేషనుతో మేలు చేయవచ్చు.

ఇప్పుడు ఇంటి దగ్గర మీరు చేయవలసింది చెబుతాను.

మొదటిది, జాగ్రత్తగా చూడడం. కుక్క మీకు ఎంత మాలిమి అయినా, నొప్పిలో ఉన్నప్పుడు అది మీ కుక్క కాదు, నొప్పి కుక్క. దానికి మచ్చికైన మనిషి తల దగ్గర ఉండాలి. మెత్తని గుడ్డపీలిక తీసుకుని మూతి చుట్టూ చుట్టి, దవడ కింద ముడివేసి, కొనలు చెవుల వెనకకు తీసుకుపోయి కట్టాలి. రెండు మూడు నిమిషాలకు మించి ఉంచవద్దు. వాంతి చేసుకుంటున్న కుక్కకు, ఎగశ్వాసతో ఉన్నదానికి, పగ్ లాంటి చప్పిడిముక్కు కుక్కకు ఇలా కట్టకూడదు. ఆ తర్వాత వెలుతురులో తోక మొదలు దగ్గర పట్టుకుని మెల్లగా ఎత్తి చూడండి. రెండు పక్కలూ ఒకలాగే ఉన్నాయా, ఒకపక్క ఉబ్బిందా, ఎరుపు ఉందా, చీము ఉందా అని చూడండి. చూడడమే తప్ప నొక్కవద్దు. పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వవద్దు.

రెండోది, వాపు ఉండి కుక్క ఓర్చుకుంటే, శుభ్రమైన గుడ్డను గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండి, ఐదు పది నిమిషాలు ఆ చోట కాపడం పెట్టండి. రోజుకు రెండు మూడుసార్లు పెట్టవచ్చు. నీళ్ల వేడి ముందు మీ మోచేతి మీద చూసుకోండి. ఇది ఆసుపత్రికి చేరేదాకా ఉపశమనానికే కానీ వైద్యం కాదు.

మూడోది, నాక్కోకుండా చూడండి. మెడ చుట్టూ పెట్టే గరాటు పట్టీ మందుల అంగట్లో దొరుకుతుంది. దొరక్కపోతే దళసరి అట్టను గరాటులా చుట్టి మెడపట్టీకి కట్టినా పని జరుగుతుంది. తిండికీ నీళ్లకూ అడ్డం కాకుండా చూసుకోండి.

నాలుగోది, వైద్యుడి దగ్గరికి తీసుకుపోండి. ఒట్టి దురద మాత్రమే ఉండి కుక్క హుషారుగా ఉంటే ఒకటి రెండు రోజుల్లో పోయినా సరే. వాపు, చీము, నెత్తురు, జ్వరం ఉన్నా, తిండి మానేసినా, మలవిసర్జన చేయలేకపోతున్నా ఆ రోజే పోవాలి.

ఇక చేయకూడనివి. గడ్డను మీ చేత్తో పిండవద్దు. లోపలికి పగిలి చీము కండల్లోకి పాకుతుంది. సూదితో, ముల్లుతో పొడవవద్దు. పుండులో కిరసనాయిలు, పెట్రోలు, ఫినాయిలు పోయవద్దు. సున్నం, బాటరీ మసి, పొగాకు రసం పెట్టవద్దు. ఇనుప కడ్డీ కాల్చి వాత పెట్టడం ఇంకా అక్కడక్కడా ఉంది. దానివల్ల కుక్కకు మరో పుండు తప్ప మేలు లేదు. మన ఇంట్లో ఒళ్లునొప్పులకు వేసుకునే మాత్రలు కుక్కకు వేయవద్దు. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

వైద్యుడు ఏం చేస్తాడో కూడా చెబితే మీకు భయం పోతుంది. మొదటి మెట్టులో ఉంటే తొడుగు వేసుకున్న వేలు లోపల, బొటనవేలు బయట ఉంచి సంచిని మెల్లగా ఒత్తి ఖాళీ చేస్తాడు. అది ఒకటి రెండు నిమిషాల పని. క్రిములు చేరి ఉంటే సన్నని గొట్టంతో ఉప్పునీటి ద్రావణం ఎక్కించి కడిగి మందు పెడతాడు. చీముగడ్డ అయితే మత్తు ఇచ్చి, చిన్న గాటు పెట్టి చీము తీసి కడుగుతాడు. ఆ గాటును సామాన్యంగా కుట్టరు. మిగిలిన చీము బయటికి రావాలి గనుక తెరిచే ఉంచుతారు. మందులు రాసిస్తే రాసినన్ని రోజులూ వేయాలి. రెండు రోజులకు కుక్క చెంగుచెంగున గంతులు వేసిందని మాత్రలు ఆపేస్తే గడ్డ మళ్లీ తిరగబెడుతుంది.

కొన్ని కుక్కలకు ఈ బాధ పదే పదే వస్తుంది. అప్పుడు ఎలర్జీ ఉందా, కొవ్వు పట్టిందా, విరేచనం పలచగా అవుతోందా అని మూలకారణం వెతకాలి. ఏ ఉపాయమూ పనిచేయకపోతే ఆ సంచులనే ఆపరేషను చేసి తీసేయవచ్చు. సంచులు లేకపోయినా కుక్క బతుకుకు లోటు లేదు. కానీ పక్కనే మలద్వారాన్ని బిగించి ఉంచే నరాలు, కండరాలు ఉంటాయి. అవి దెబ్బతింటే మలం పట్టు తప్పే ప్రమాదం ఉంది. అందుకే అది ఆఖరి మార్గం, చెయ్యి తిరిగినవారు చేయవలసిన పని.

ఇంకొక అలవాటు గురించి కూడా చెప్పాలి. పట్నాల్లో కొందరు కుక్కకు స్నానం చేయించినప్పుడల్లా ఈ సంచులు పిండిస్తారు. ఏ బాధా లేని కుక్కకు అది అవసరం లేదు. ఊరికే పిండితే లేని వాపు వస్తుంది.

ఈ బాధ రాకుండా పూర్తిగా ఆపలేకపోయినా తగ్గించుకోవడం మన చేతిలో ఉంది. మలం గట్టిగా, రూపుకట్టి ఉంటే సంచి దానంతటదే ఖాళీ అవుతుంది. మన వైపు కుక్కకు రాగిసంగటి పెట్టే అలవాటు ఉంది, మంచిదే. అయితే ఒట్టి సంగటితో సరిపోదు, గుడ్డో మాంసమో కూడా కలవాలి. ఉడికించిన గుమ్మడికాయో కారెట్టో కొద్దిగా కలిపితే కొన్ని కుక్కలకు మలం చక్కబడుతుంది. ఎదిగిన కుక్కలు చాలావాటికి పాలు పడవు, విరేచనం పలచన అవుతుంది. కుక్క మీద ప్రేమతో గిన్నెడు పాలు పోస్తాం, ఇక్కడ బాధ తెచ్చిపెడతాం. ఉడికిన ఎముకలు పెట్టవద్దు. అవి చీలి పేగులకు గుచ్చుకుంటాయి, మలబద్ధం కూడా చేస్తాయి. ఉల్లిపాయ కుక్క నెత్తురుకు హాని చేస్తుంది. కాబట్టి మిగిలిన కూర, బిర్యానీ దాని పళ్లెంలో వేయకండి. రోజూ నడిపించండి. లావెక్కిన చిన్నజాతి కుక్కల్లో ఈ బాధ ఎక్కువగా చూస్తాం.

సరిహద్దులో ఉన్న మనకు మరొక చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు, ఆసుపత్రిలో మరో భాష. పైగా ఇది నోటితో చెప్పడానికి మొహమాటపడే చోటు. అందుకని కొందరు డాక్టరు దగ్గర "కుక్క డల్‌గా ఉంది" అని మాత్రమే అని ఊరుకుంటారు. ఆయన జ్వరానికి సూది వేసి పంపిస్తారు. అసలు బాధ తోక కిందే ఉండిపోతుంది. పెద్ద మాటలు అక్కర్లేదు. తమిళంలో తోకను వాల్ అంటారు, కన్నడంలో బాల అంటారు, మరాఠీలో శేపూట్, ఒరియాలో లాంజ. ఆ ఒక్క మాట చెప్పి వేలితో చూపించండి. ఎన్ని రోజులనుంచి, ఏ పక్క, మలం ఎలా అవుతోంది, పురుగుల మాత్ర ఎప్పుడు వేశారు, ఈ నాలుగూ చెబితే సగం వైద్యం జరిగినట్టే. యానాంలో వాళ్లకు ఈ భాష చిక్కు లేదు, కానీ సిగ్గు అక్కడా ఉంది.

ఇక కరియ సంగతి. చీము తీసి, కడిగి, మందు పెట్టాను. మత్తు దిగాక అది చేసిన మొదటి పని కూర్చోవడం. ఎన్ని రోజుల తర్వాత కూర్చుందో! అవ్వ దాని తల నిమిరింది. అయినా ఆ కుక్కను పది రోజులు విడిగా కట్టి ఉంచి కనిపెట్టి చూడమన్నాను. కొరకడానికి కారణం కళ్లెదుట కనిపిస్తున్నా, రేబిస్ విషయంలో ఊహల మీద ఆధారపడకూడదు. కుక్క కరిస్తే, అది మీ పెంపుడు కుక్కయినా సరే, గాయాన్ని వెంటనే సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టకూడదు. ఆ రోజే డాక్టరుకు చూపించి, ఆయన చెప్పిన తేదీల్లో టీకాలన్నీ వేయించుకోవాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని భయపడే కాలం పోయింది. 2005 నాటికే మన దేశంలో ఆ పాత మందు ఆగిపోయింది. ఇప్పుడు భుజానికి వేసే సూదులే.

పది రోజులు గడిచాయి. కరియ బాగానే ఉంది, గాటు మానింది. పిల్లవాడు కూడా తన సూదులు పూర్తి చేసుకున్నాడు. కర్రలు తెచ్చిన వాళ్లలో ఒకాయన తర్వాత తన కుక్కను నా దగ్గరికి తెచ్చాడు. "సార్, ఇది కూడా నేలకు ఈడ్చుకుంటా ఉండాది. తోక ఎత్తి చూస్తిని, వాపు లేదు, బియ్యం గింజల మాదిరి ఏమో ఉండాయి" అన్నాడు. నాకు చాలా సంతోషం వేసింది. ఆయన చెప్పిన దాన్నిబట్టి అది బద్దెపురుగు. దానికి తగిన మాత్ర ఇచ్చి పంపాను.

మీ కుక్కకు ఏటేటా రేబిస్ టీకా వేయించండి. స్నానం చేయించినప్పుడు ఒక్క నిమిషం తోక ఎత్తి చూడడం అలవాటు చేసుకోండి. నెమ్మదైన కుక్క ఉన్నట్టుండి గుర్రుమన్నా, కొరకబోయినా, కర్ర తీసుకోకముందు దానికి ఎక్కడ నొప్పి ఉందో వెతకండి. రాత్రంతా మన గడపకు కాపలా కాసే జీవికి మనం చేయగల సాయం అది.